తామారు ఎవరితో చెప్పుకొనవలెను?

(కాలేజీలో చదువుచున్న మన కుమార్తెల తలంపులను గూర్చిన పాఠము)

పఠింపవలసిన భాగములు: 2 సమూయేలు 13:1–22, ద్వితీయోపదేశకాండము 22:23–27, లూకా 13:1–5



ఉదయమున పామిడి బస్టాండులో కాసేపు నిలిచి చూచినయెడల మన హృదయమునకు సంతోషము కలుగును. పెన్నేటికి ఇరుప్రక్కలనున్న పల్లెలనుండి ఆటోలలో వచ్చిన ఆడపిల్లలు, భుజమున సంచి తగిలించుకొని, అనంతపురమునకు కొందరు, గుత్తికి కొందరు కాలేజీలకు పోవుచుందురు. వీరి అవ్వలలో అనేకులకు సంతకము చేయుట రాదు. వాన రాక వేరుసెనగ ఎండిపోయిన సంవత్సరములలో తండ్రులు బెంగుళూరుకు కూలికి పోయిరి. తల్లులు పామిడి బట్టల వ్యాపారులవద్ద కుట్టుపని తెచ్చుకొని, రాత్రివేళ మిషను త్రొక్కి ఫీజులు కట్టిరి. పంట పోయినను పిల్ల చదువు పోనీయలేదు. ఇది దేవుని కృప అని మనము ఆరాధనలో సాక్ష్యము చెప్పుకొనుచున్నాము.

ఈ నెల పాఠములో ఆ బస్సు ఎక్కిన బిడ్డనుగూర్చి ఒక కష్టమైన ప్రశ్న అడుగవలసియున్నది. స్త్రీలమీద జరుగు బలాత్కారమును గూర్చి ఆ బిడ్డ మనస్సులో ఏమి తలంపు ఉన్నది? అట్టి కీడు ఎవరివలన కలుగుననియు, దోషము ఎవరిదనియు, జరిగినప్పుడు ఎవరితో చెప్పుకొనవలెననియు ఆమె అనుకొనుచున్నది? ఆ తలంపును ఆమెకు నేర్పినది ఎవరు?

దేవుని మందిరములో ఇట్టి సంగతులు మాటలాడవచ్చునా అని కొందరు పెద్దలు సందేహింతురు. దేవుని గ్రంథము దీనిని దాచలేదు. ఒక రాజు ఇంటిలోనే జరిగిన ఘోరమును ఒక అధ్యాయమంతయు వ్రాసి మన చేతికిచ్చినది. కాబట్టి మనము సిగ్గుపడక చదువుదము.

1. తామారు చుట్టునున్న మనుష్యులు

రాజైన దావీదు కుమారుడగు అమ్నోను తన తండ్రి కుమార్తెయైన తామారును మోహించెను. అతని పెదతండ్రి కుమారుడును మిక్కిలి యుక్తిపరుడునైన యెహోనాదాబు అతనికి ఉపాయము చెప్పెను. అమ్నోను రోగినని పరుండెను. తండ్రి చూడవచ్చినప్పుడు, తామారు వచ్చి నా కన్నులయెదుట అప్పములు చేసిపెట్టవలెనని అడిగెను. దావీదు ఏమియు అనుమానింపక ఆమెను పంపెను. ఆమె వెళ్లినది తండ్రి ఆజ్ఞవలననే. వెళ్లినది అన్న ఇంటికే. చేసినది రోగికి ఉపచారమే. అమ్నోను అందరిని వెలుపలికి పంపివేసి ఆమెను పట్టుకొనెను. ఆమె వద్దన్నది, బ్రతిమాలినది, ఇశ్రాయేలులో ఇట్టిది తగదని బుద్ధి చెప్పినది. అతడు వినలేదు. బలవంతము చేసి, ఆ తరువాత ఆమెను ద్వేషించి, పనివానిచేత వెలుపలికి నెట్టించి తలుపు గడియ వేయించెను.

ఇక్కడ మనము ఆమె చుట్టునున్నవారిని లెక్కపెట్టుదము. అమ్నోను పాపము చేసెను. యెహోనాదాబు త్రోవ చూపెను. పనివాడు చెప్పినట్లు చేసి తలుపు మూసెను. అబ్షాలోము తన చెల్లెలిని చూచి, ఊరకుండుమనియు, వాడు నీ అన్నయే గనుక దీనిని మనస్సున పెట్టుకొనవద్దనియు చెప్పెను. దావీదు మిక్కిలి కోపగించెను. ఆ కోపముతో అతడు ఏ న్యాయమును జరిగించినట్లు వ్రాయబడలేదు. తామారు మాత్రము చినిగిన అంగీతో, తలమీద బూడిదతో, కేకలు వేయుచు వీధిని నడిచి పోయినది. ఆమె మౌనముగా లేదు. ఆమెను మౌనముగా ఉంచినవారు ఆమెను ప్రేమించినవారే.

ఈ పాఠములో ముఖ్యమైన మాట ఇదే. కీడు చేసినవాడు ఒకడు. అటుతరువాత ఆమె నోరు మూసినవారు అనేకులు, అందులోను సొంతవారు. మన కుమార్తెల తలంపులు ఏర్పడుచున్నది ఈ రెండవ గుంపువారి మాటలవలననే.

2. మన మాటలు నేర్పిన పాఠము

మన రాయలసీమ ఇండ్లలో ఆడపిల్ల పదేండ్లు దాటకముందే వినెడి సామెత ఒకటి గలదు. ముల్లు వచ్చి ఆకుమీద పడినను, ఆకు వచ్చి ముల్లుమీద పడినను చిరిగేది ఆకే. తల్లులు ప్రేమతోనే దీనిని చెప్పుదురు. జాగ్రత్తగా ఉండుమని వారి భావము. అయితే ఆ సామెతలో ముల్లును అడుగువాడు ఎవడైన ఉన్నాడా? ముల్లు ముల్లే, దాని గుణము అంతే అని విడిచిపెట్టబడినది. బాధ్యత అంతయు ఆకుమీద మోపబడినది. ఇరువది యేండ్లు ఈ మాట వినిన బిడ్డ, రేపు తనకు కీడు కలిగినప్పుడు, నేను ముల్లు దగ్గరకు ఎందుకు పోతిని అని తన్ను తానే నిందించుకొనును. తన స్నేహితురాలికి జరిగినప్పుడు ఆమెనుగూర్చి కూడ అట్లే తలంచును.

మన మాటలలో మరియొకటి చూడుడు. ఇష్టపడి తప్పు త్రోవను పోయిన పిల్లను గూర్చి చెడిపోయినది అందుము. బలవంతమునకు గురియైన పిల్లను గూర్చియు చెడిపోయినది అనియే అందుము. రెండింటికి ఒకే మాట. దోచుకొనబడినవానిని మనము దొంగ అని పిలుతుమా? మరియు మానభంగము అను మాటయున్నది. భంగమైనది ఆమె మానము అని ఆ మాట అర్థము. సరిగా ఆలోచించినయెడల మానము పోగొట్టుకొన్నవాడు అమ్నోనే. తామారు వాని దుర్మార్గమునకు తాను బలియైనది, తన గౌరవమును దేవునియెదుట పోగొట్టుకొనలేదు. బలాత్కారము అను మాట సత్యమునకు దగ్గరగా ఉన్నది, ఏలయనగా అది చేసినవాని బలమును చూపుచున్నది.

మాటలు చిన్నవి అనుకొనరాదు. బిడ్డ మనస్సులో అవి విత్తనములవలె పడి మొలకెత్తును.

3. యోబు స్నేహితుల తలంపు

చదువుకొన్న ఆడపిల్ల, సాటి ఆడపిల్లనుగూర్చి కఠినముగా ఎందుకు మాటలాడును? ఆ వేళప్పుడు ఆమెకు అచట ఏమి పని, అట్టి బట్టలు ఏల కట్టుకొనవలెను, వానితో స్నేహము ఏల అని హాస్టలు గదులలో అమ్మాయిలే అనుకొనుట మనము వినుచున్నాము. స్త్రీకి స్త్రీమీద జాలి లేదా?

మనస్సును గూర్చి పరిశోధించిన పండితులు దీనికి ఒక కారణము చూపిరి. లోకములో మంచివారికి మంచియు చెడ్డవారికి చెడ్డయు జరుగునని నమ్ముటకు మనుష్యుడు ఆశపడును అని మెల్విన్ లెర్నర్ అను అమెరికా పండితుడు 1960ల దశాబ్దములో మొదలుపెట్టి వివరించెను. ఆమె ఏదో తప్పు చేసినందున ఆమెకు అట్లు జరిగినది, నేను ఆ తప్పు చేయను, కాబట్టి నాకు జరుగదు. ఇట్టి తలంపు భయపడిన మనస్సునకు ఒక గొడుగువంటిది. ఆమెను నిందించు బిడ్డ క్రూరురాలు కాదు, ఆమెయు భయపడుచున్నది. 1980లో మార్తా బర్ట్ అను పరిశోధకురాలు, బలాత్కారమును గూర్చి జనులు నమ్ము అపోహలను కొలుచుటకు ప్రశ్నలు సిద్ధపరచెను. అప్పటినుండి అనేక దేశముల కాలేజీలలో అట్టి ప్రశ్నలు అడిగి చూచిరి. సామాన్యముగా పురుషులకంటె స్త్రీలు ఈ అపోహలను తక్కువగా నమ్ముదురని తేలినది. అయినను స్త్రీలు వాటినుండి పూర్తిగా తప్పించుకొనలేదు. ఆడది ఆడదిగా, మగవాడు మగవాడుగా అణిగిమణిగి ఉండవలెనను పాత తీర్పులను ఎవరు గట్టిగా పట్టుకొందురో, వారే ఈ అపోహలనుకూడ ఎక్కువగా నమ్ముదురని ఆ పరిశోధనలు చూపినవి.

ఈ గొడుగు బైబిలు చదువువారికి క్రొత్తది కాదు. యోబు స్నేహితులు బూడిదలో కూర్చున్నవానియొద్దకు వచ్చి, నీవేదో పాపము చేసియుందువు అని చెప్పినది ఇదే. దేవుడు కడపట వారిమీద కోపగించెను. సిలోయములో గోపురము పడి పదునెనమండుగురు చనిపోయినప్పుడు, వారు ఇతరులకంటె ఎక్కువ అపరాధులని తలంచుచున్నారా అని ప్రభువు అడిగి, కాదు అని తానే స్పష్టముగా చెప్పెను. గోపురము క్రింద పడినవారిని నిందింపని ప్రభువు, దుర్మార్గుని చేతిక్రింద పడిన బిడ్డను నిందించునా?

4. తెలియనివాడు అను భ్రమ

కాలేజీకి పంపునప్పుడు తల్లి, తెలియనివారితో మాటలాడవద్దమ్మా అని చెప్పును. మంచి మాటయే. అయితే అది సగము మాట. మన దేశములో నమోదైన బలాత్కారపు కేసులలో, నూటికి 90కి పైగా నిందితుడు ఆమె ఎరిగినవాడే అని జాతీయ నేర నమోదు సంస్థ ప్రకటించు లెక్కలు సంవత్సరము వెంబడి సంవత్సరము చూపుచున్నవి. బంధువు, ఇరుగుపొరుగువాడు, స్నేహితుడు, పెండ్లి చేసికొందునని మాట యిచ్చినవాడు, పాఠము చెప్పువాడు, పని యిచ్చువాడు వీరిలో ఉన్నారు. అమ్నోను తెలియనివాడా? అన్న.

తెలియనివాడే అపాయము అని నేర్చుకొన్న బిడ్డకు, తెలిసినవాడు చేయి వేసినప్పుడు దానికి పేరు పెట్టుటకే తెలియదు. ఇది బలాత్కారము కాదేమో, నేనే ఏదో పొరబాటున చనువు ఇచ్చితినేమో అని కలతచెందును. వాడు బావ వరుసవాడైనయెడల ఇంక చెప్పనక్కరలేదు. సరసము అని అందరు నవ్వుదురు. మనము చూచు సినిమాలలో అనేకములు ఈ కలతను పెంచినవి. పిల్ల వద్దనుచుండగా వెంబడించి, త్రోవలో అడ్డగించి, బెదరించినవాడే కథానాయకుడై, కడపట ఆమె ప్రేమను పొందుట మనము ఎన్నిసార్లు చూడలేదు? వద్దనుట ఔననుటయే అని మగపిల్లవాడు నేర్చుకొనెను. వెంబడించుట ప్రేమ అని ఆడపిల్ల నేర్చుకొనెను. చట్టము దానిని వేరుగా పిలుచుచున్నది. ఇష్టము లేదని చెప్పిన స్త్రీని మాటిమాటికి వెంబడించుట 2013 నుండి నేరము. ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో అది 78వ సెక్షను.

5. కేక ఎందుకు వేయలేదు?

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయమును పట్టుకొని, ఊరిలో ఉండి కేక వేయనిది దోషురాలే గదా అని అడుగు పెద్దలు ఉందురు. ఆ అధ్యాయమునే ఇంకను చదువవలెను. పొలములో ఒంటరిగా చిక్కిన చిన్నదానియందు ఏ దోషమును లేదనియు, ఒకడు తన పొరుగువానిమీద పడి చంపినట్టిదే ఈ సంగతి అనియు ధర్మశాస్త్రము తీర్పు చెప్పినది. చంపబడినవానిని ఎవరును దోషి అనరు. ఆమెను రక్షించువాడు లేకపోయెను అని ధర్మశాస్త్రము ఆమె పక్షముననే తలంచుచున్నది. ఇక తామారు పట్టణములోనే ఉన్నది. రాజు ఇండ్లమధ్య, పనివారు పిలిచినంత దూరములో ఉన్నది. ఆ గదిలో ఆమె కేక వేసినట్లు వ్రాయబడలేదు, వద్దని పలికినట్లు మాత్రమే వ్రాయబడినది. అయినను దేవుని వాక్యము ఆమెయందు ఒక్క తప్పును మోపలేదు.

కేక వేయలేకపోవుటకు కారణము దేహములోనే ఉన్నది. పామును చూచిన కప్ప కదలలేక నిలిచిపోవునట్లు, మహాభయములో మనుష్య దేహముకూడ కొయ్యబారిపోవును. స్వీడన్ దేశపు స్టాక్‌హోములో బలాత్కారమునకు గురియై ఆసుపత్రికి వచ్చిన సుమారు 300 మంది స్త్రీలను అడిగి 2017లో ప్రకటించిన పరిశోధనలో, నూటికి 70 మంది ఆ సమయమున తమ దేహము గట్టిగా బిగుసుకొనిపోయినదని చెప్పిరి. ఇది సమ్మతి కాదు. భయము.

మన దేశపు న్యాయస్థానములు ఈ సంగతి నేర్చుకొనుటకు చాల కాలము పట్టినది. 1972లో మహారాష్ట్రలో మధుర అను ఆదివాసి బాలిక, తనను పోలీసు స్టేషనులోనే చెరచిరని చెప్పెను. 1978లో సుప్రీంకోర్టు, ఆమె దేహముమీద గాయములు లేవను మాటను ముఖ్యముగా తీసికొని, ఆ పోలీసులను విడిచిపెట్టెను. 1979లో ఉపేంద్ర బక్షి మొదలైన నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ వ్రాసి, లొంగిపోవుట వేరు, సమ్మతించుట వేరు అని వాదించిరి. దేశమంతట స్త్రీలు వీధులలోనికి వచ్చిరి. 1983లో చట్టము మార్చబడెను. ఢిల్లీలో 2012 డిసెంబరులో జరిగిన ఘోరము తరువాత, జస్టిస్ వర్మ కమిటీ సలహామీద 2013లో మరల మార్చబడెను. స్త్రీ దేహబలముతో ఎదిరింపలేదను ఒక్క కారణముచేత ఆమె సమ్మతించినట్లు ఎంచరాదు అని చట్టములోనే చేర్చబడెను. అది నేటికిని అమలులో ఉన్నది.

6. చదువు ఆగిపోవునను భయము

ఇంతవరకు చెప్పిన కారణములు పట్టణపు బిడ్డలకును మన బిడ్డలకును ఒకటే. మన కరవు ప్రాంతపు బిడ్డకు వీటన్నిటికంటె బలమైనది వేరొకటి కలదు. ఆమె చెప్పినయెడల చదువు ఆగిపోవును.

ఊహించుకొనుడు. బస్సులో ప్రతిదినము ఒకడు ఆమెను తాకుచున్నాడు. లేదా తెలిసినవాడొకడు ఫోనులో ఆమె ఫోటో పెట్టుకొని బెదరించుచున్నాడు. ఇంటికి వచ్చి చెప్పినయెడల ఏమగును? "ఇంక యాడికీ పోవద్దు, సదివింది సాలు" అని నాయన అనును. "ఆ మాట బయట ఎవరితో అనొద్దు మే, నీ చెల్లెండ్లకు సంబంధాలు రావు" అని అమ్మ అనును. నెల తిరుగకముందే మేనమామ పెండ్లి సంబంధము తెచ్చును. తప్పు చేసినవాడు యథాప్రకారము అదే బస్సులో తిరుగుచుండును. శిక్ష అనుభవించినది ఆమె. ఈ సంగతి ఆమెకు ముందుగానే తెలియును, ఏలయనగా ఇంతకుమునుపు వేరొక ఇంటి పిల్లకు అట్లే జరుగుట ఆమె చూచినది. కాబట్టి ఆమె లెక్క వేసికొనును. చెప్పుటకంటె ఓర్చుకొనుటయే లాభము. ఇది అంత పెద్ద సంగతి కాదు అని తన మనస్సును తానే సమాధానపరచుకొనును. బయటివారికి అది అలక్ష్యమువలె కనబడును. నిజముగా అది చదువును కాపాడుకొనుటకు ఆమె చెల్లించుచున్న వెల.

తల్లిదండ్రులు బెంగుళూరులో నుండగా అవ్వయొద్ద పెరుగు బిడ్డ స్థితి ఇంకను కష్టము. వారానికొకసారి ఫోనులో మాటలాడు తల్లితో ఆమె ఇట్టి సంగతి ఎట్లు ఎత్తగలదు? అక్కడ మట్టి మోయు తల్లికి దుఃఖము ఏల అని మ్రింగివేయును.

తల్లులనుగూర్చియు ఒక మాట చెప్పవలెను. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, భర్త భార్యను కొట్టుటకు న్యాయమైన కారణములు కలవా అని అడిగిరి. అత్తమామలను గౌరవింపకపోవుట, చెప్పక బయటికి పోవుట, వంట సరిగా చేయకపోవుట, పడకకు నిరాకరించుట మొదలైన ఏడు కారణములు చదివి వినిపించిరి. వాటిలో ఏదో ఒకదానికి కొట్టవచ్చునని చెప్పిన స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి సుమారు 84 మంది. అట్లు చెప్పినది స్త్రీలే. వారిని నిందించుటకు మేము దీనిని వ్రాయలేదు. దెబ్బకు కారణము తనయందే వెదకుకొనుట వారికి వారి తల్లులు నేర్పిరి. కాలేజీకి పోవు కుమార్తె పుస్తకములో ఒకటి చదువుచున్నది, ఇంటిలో వేరొకటి చూచుచున్నది. ఆ రెండింటి నడుమ ఆమె మనస్సు నలుగుచున్నది.

7. తలంపులు మారగలవు

తలంపులు రాతిమీద చెక్కినవి కావు. 1974లో హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయపు విద్యార్థినులు ప్రోగ్రెసివ్ ఆర్గనైజేషన్ ఆఫ్ ఉమెన్ అను సంఘముగా కూడి, త్రోవలోను బస్సులలోను ఆడపిల్లలను అల్లరిపెట్టుటను, వరకట్నమును బహిరంగముగా ఎదిరించిరి. అంతవరకు అది తమ తలవ్రాత అనుకొన్నవారు, అది అన్యాయము అని పేరుపెట్టి పిలిచిరి. 1978లో హైదరాబాదు నల్లకుంట పోలీసు స్టేషనులో తనకు జరిగిన బలాత్కారమును రమీజాబీ అను బీదస్త్రీ బయటికి చెప్పినప్పుడు నగరమంతయు కదిలినది. ఆమె నడత మంచిది కాదని చూపుటకు ఎదుటి పక్షమువారు ప్రయత్నించిరి. జస్టిస్ ముక్తదర్ కమిషను పోలీసులదే తప్పు అని చెప్పినను, 1981లో రాయచూరు కోర్టులో వారు విడుదలయైరి. ఆమెకు న్యాయము కలుగలేదు. అయినను బాధితురాలి పూర్వపు నడతను ఎత్తి ఆమెను అవమానపరచుటకు వీలిచ్చిన సాక్ష్య చట్టపు మాట 2003లో తీసివేయబడెను. కాలేజీలలోను విశ్వవిద్యాలయములలోను విద్యార్థినుల ఫిర్యాదులు వినుటకు కమిటీ తప్పక ఉండవలెనని యు.జి.సి. 2015లో నియమము చేసెను. మన బిడ్డ చదువు కాలేజీలో ఆ కమిటీలో ఎవరున్నారో ఆమెకు తెలియునా? ఈ వారమే అడుగుడి. తాను ఎవరియొద్దకు పోవలెనో ఎరిగిన బిడ్డ తలంపు, ఎరుగని బిడ్డ తలంపువలె ఉండదు.

ఆడపిల్లలు అబద్ధపు నేరము మోపరా, యోసేపును పోతీఫరు భార్య చెరసాలలో వేయింపలేదా అని అడుగువారికి ఒక మాట. అవును, అట్లు జరిగినది. అయితే యోసేపు చెరసాలకు పోయినది విచారణ లేకపోవుటవలననే. అబద్ధమునకు మందు న్యాయమైన విచారణ. ప్రతి బిడ్డ నోరును ముందుగానే మూయుట దానికి మందు కాదు.

8. మనము చేయవలసినవి

మొదటిది, మొదటి మాట. బిడ్డ ఏడ్చుచు వచ్చినప్పుడు "ఆడ నీకేం పని?" అని అడుగకుడి. "నీ తప్పు లేదు మా, నేనుండాను, నీ సదువు ఆగదు" అని చెప్పుడి. ఈ మాటను కీడు జరిగినప్పుడు కాదు, ఈ రాత్రి భోజనమువద్దనే చెప్పుడి. వేరొక ఊరి పిల్లనుగూర్చిన వార్త వచ్చినప్పుడు మీరు ఏమి అందురో మీ కుమార్తె వినుచున్నది. తన సంగతి మీతో చెప్పవచ్చునో లేదో ఆ క్షణముననే ఆమె తీర్మానించుకొనును.

రెండవది, ఆసుపత్రి. బట్టలు ఉదుకక, స్నానము చేయించక, వెంటనే తీసికొనిపోవలెను. గర్భము రాకుండను, హెచ్.ఐ.వి. సోకకుండను ఇచ్చు మందులు 72 గంటలలోపల, ఎంత త్వరగా ఇచ్చిన అంత మేలు. ప్రభుత్వపుదైనను ప్రైవేటుదైనను ప్రతి ఆసుపత్రి ఉచితముగా చికిత్స చేయవలెనని చట్టము ఆజ్ఞాపించుచున్నది. ఆలస్యమైనను పోవుట మానవద్దు.

మూడవది, పోలీసు. ఎక్కడ జరిగినను ఏ స్టేషనులోనైనను ఫిర్యాదు ఇయ్యవచ్చును. మా పరిధి కాదని త్రిప్పి పంపరాదు. ఆమె మాటను స్త్రీ అధికారి వ్రాసికొనవలెను. ఫోనులో 112 అత్యవసరమునకును, 181 స్త్రీల సహాయమునకును, 1098 పిల్లల సహాయమునకును గలవు. ఆమె పేరు బయటపెట్టుట నేరము. కాబట్టి ప్రార్థన విన్నపము అను నెపముతో కూడ సంఘములో ఆమె పేరు ఎత్తరాదు.

నాలుగవది, పంచాయితి వద్దు. ఇంటి గుట్టు అని పెద్దలు కూర్చుండి, డబ్బు ఇప్పించుటయు, వానికే కట్టబెట్టుటయు న్యాయము కాదు. బలాత్కారపు కేసులో రాజీకి చోటు లేదని సుప్రీంకోర్టు 2015లో ఖండితముగా చెప్పెను. దోషి సంఘ పెద్ద అయినను, ఉపదేశి అయినను, పాస్టరు అయినను ఇదే మాట. క్షమించుమని ఆమెను తొందరపెట్టవద్దు. క్షమాపణ దేవుడు ఆమె హృదయములో చేయు పని. మనము తలుపుకు వేయు గడియ కాదు.

ఐదవది, మగపిల్లలు. అమ్నోనును పెంచిన ఇల్లు కూడ భక్తిగల ఇల్లే. యెహోనాదాబువంటి స్నేహితులు నేడు ఫోనులోనే ఉన్నారు. వద్దు అను మాటకు వద్దు అనియే అర్థమని, మౌనము ఔను కాదని మన కుమారులకు తండ్రులే నేర్పవలెను. ఆదివారపు బడిలో దీనిని నేర్పుటకు సిగ్గుపడరాదు.

ముగింపు

తామారు తన అన్నయైన అబ్షాలోము ఇంట చెరుపబడినదానివలె ఉండిపోయెనని వ్రాయబడినది. ఊరకుండుమని చెప్పిన అబ్షాలోము తాను ఊరకుండలేదు. రెండు సంవత్సరములు పగ దాచుకొని అమ్నోనును చంపించెను. కడపట తండ్రిమీదనే తిరుగుబాటు చేసి తానును చనిపోయెను. న్యాయము జరుగని ఇంట సమాధానము నిలువలేదు. ఆ అబ్షాలోముకు ఒక కుమార్తె పుట్టినప్పుడు ఆమెకు తామారు అని పేరు పెట్టెనని 14వ అధ్యాయములో చదువుదుము. చెల్లెలి నోరు మూసినవాడు ఆమె పేరును మరువలేకపోయెను. అయితే ఆమెకు కావలసినది తన పేరు కాదు. తన మాట వినుట.

రేపు ఉదయము మన తామారు బస్సు ఎక్కును. ఆమె సాయంకాలము ఇంటికి వచ్చి నోరు తెరచినయెడల వినుటకు మనము సిద్ధముగా ఉన్నామా?

స్త్రీల మైత్రిలోను యౌవనస్థుల కూటములోను చర్చించుటకు ప్రశ్నలు

1. ఆకు, ముల్లు సామెతను మన ఇండ్లలో ఎప్పుడు, ఎవరికి చెప్పుచున్నాము? మగపిల్లలకు ఎన్నడైన చెప్పితిమా?

2. తామారు కథలో మనము ఎవరిని పోలియున్నాము? పనివానినా, అబ్షాలోమునా, దావీదునా?

3. కుమార్తె చదువు మానిపింపకయే ఆమెకు తోడు నిలుచుటకు మన సంఘము ఏమి చేయగలదు? బస్టాండువరకు కలిసి పోవుటకును, తల్లిదండ్రులు వలస పోయిన బిడ్డలను కనిపెట్టుటకును ఎవరు పూనుకొందురు?

4. మన సంఘములో బిడ్డ నమ్మి చెప్పుకొనగలిగిన ఇద్దరు స్త్రీలు ఎవరు? వారిని ఈ నెలలోనే ఏర్పరచుకొందము.

ప్రార్థనాంశములు: చెప్పుకొనలేక లోలోపల నలుగుచున్న బిడ్డల నిమిత్తము, వారి తల్లుల ధైర్యము నిమిత్తము, మన కుమారుల హృదయముల నిమిత్తము, వినుటకు చెవులును, న్యాయము చేయుటకు వెన్నెముకయు మన సంఘ పెద్దలకు కలుగునట్లు ప్రార్థింతము.